జాకీ కింద చెక్కముక్క

మా వీధిలో రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయారు. పాత పొర తవ్వి తీశాకే కొత్తది వేయాలన్న మాట కాగితం మీద ఉంటుంది, తవ్విన జాడ రోడ్డు మీద ఉండదు. పదిహేనేళ్లు తిరిగేసరికి ఎదురింటివాళ్ల గడప రోడ్డుకంటే రెండడుగులు కిందికి దిగిపోయింది. గట్టి వాన పడితే వీధిలో నీళ్లన్నీ వాళ్ల హాల్లోకే. ఇల్లు పడగొట్టే స్తోమత లేక, చివరికి పైకి లేపించారు. ఉత్తరాది నుంచి వచ్చిన కుర్రాళ్లు గోడల అడుగున పునాది తొలిచి వరసగా జాకీలు పెట్టారు. లారీ టైరు మార్చేటప్పుడు వాడే రకమే, కాస్త బలమైనవి. మేస్త్రీ కేక వేస్తే అందరూ ఒక్కసారి ఒక్కో తిప్పు. మళ్లీ కేక, మళ్లీ తిప్పు. పొద్దస్తమానం నిలబడి చూసినా ఇల్లు కదిలినట్టు కంటికి ఆనదు.

ఆ జాకీల మధ్య ఒక కుర్రాడు బోర్లా పాకుతూ తిరిగేవాడు. ఇల్లు ఎంత లేస్తే అంత సందులో చెక్కముక్కలు, ఇటుకలు దోపుతూ పోవడం అతని పని. చూడ్డానికి అందులో ఏమీ లేదు. ఇంటాయన కూలి లెక్క దగ్గర అతన్నే పట్టుకున్నాడు, "వీడు జాకీ తిప్పట్లేదుగా, వీడికెందుకు?" అని. మేస్త్రీ నవ్వి ఊరుకున్నాడు గానీ పైసా తగ్గించలేదు.

పాత రైలు వంతెనను మార్చే పెద్ద పెద్ద యంత్రాల గురించి రాయబోతూ ఎదురింటి గొడవ ఎందుకంటే, అక్కడ జరిగేదీ దాదాపు ఇదే. కాకపోతే ఇల్లు లేపుతున్నన్నాళ్లూ ఇంటివాళ్లు చుట్టాలింట్లో తలదాచుకోవచ్చు. రైలుకు ఆ సదుపాయం లేదు. అర్ధరాత్రి ఆపితే తెల్లవారేసరికి అదే దారిన పోవాలి.

ముందు అసలు ఎందుకు మారుస్తారో చూద్దాం. తుప్పు అనేది అందరికీ తోచే జవాబు. అది నిజమే కానీ సగమే. వంతెన అలాగే ఉంటుంది, దాని మీద నడిచే రైలు బరువెక్కిపోతుంది. మన రైల్వేలో 1926 నాటి ప్రమాణం ప్రకారం బ్రాడ్‌గేజి ప్రధాన మార్గంలో ఒక్కో ఇరుసు మీద 22.9 టన్నులు లెక్క. 1987 నాటి ప్రమాణానికి అది 25 టన్నులైంది. సరుకు రైళ్లకే ప్రత్యేకంగా వేస్తున్న మార్గాల్లో వంతెనలను 32.5 టన్నులకు కడుతున్నారు. పైగా నూరేళ్ల కిందటి ఉక్కులో భాస్వరం పాలు ఎక్కువ. అది పెళుసు, వెల్డింగుకు లొంగదు, అతుకు వేద్దామంటే కుదరదు. కాబట్టి మార్చాలి.

మార్చడానికి అన్నిటికన్నా తేలికైన దారి పాతదాన్ని ముట్టుకోకపోవడం. రాజమండ్రి గోదావరి గట్టున నిలబడితే ఈ దారి కళ్లముందే కనిపిస్తుంది. హేవ్‌లాక్ వంతెన పని 1897 నవంబరులో మొదలై, 1900 ఆగస్టులో దాని మీద తొలి రైలు నడిచింది. రెండు స్తంభాల మధ్య భాగాన్ని ఖానా అంటారు. అలాంటివి 56, ఒక్కోటి 45.7 మీటర్లు. 1974లో రోడ్డు, రైలు రెండూ నడిచే వంతెన వచ్చింది. ఆ తర్వాత కాంక్రీటు విల్లుల వంతెన, 28 ఖానాలు, ఒక్కోటి 97 మీటర్ల పైచిలుకు. 1997లో హేవ్‌లాక్‌కు పింఛను ఇచ్చేశారు. పాతదాన్ని ఊడబీకి అదే చోట కొత్తది పెట్టే సాహసానికి ఎవరూ పోలేదు. నది వెడల్పుగా ఉంది, పక్కన చోటుంది, కట్టేశారు.

ఈ కొలతల్లో చిన్న తమాషా ఉంది. 45.7 మీటర్లు అంటే సరిగ్గా 150 అడుగులు. మన రైల్వేలో స్తంభం నుంచి స్తంభానికి పరిచే గర్డర్ల పొడవులు 12.2, 18.3, 24.4, 30.5 అని వింతగా ఉంటాయి. అన్నీ 40, 60, 80, 100 అడుగులే. దేశం మీటర్లలోకి మారి అరవై ఏళ్లు దాటింది, నదులు ఇంకా అడుగుల్లోనే దాటుతున్నాం.

పక్కన చోటు అన్నిచోట్లా దొరకదు. రెండువైపులా స్టేషను యార్డో ఊరో ఆనుకుని ఉంటుంది, లేదా కింద స్తంభాలు నిక్షేపంగా ఉండి పైన గర్డర్లే పాడై ఉంటాయి. అప్పుడు స్తంభాలు ఉంచి గర్డర్లు మార్చాలి. రైల్వేవాళ్లు దీన్ని రీగర్డరింగ్ అంటారు. యంత్రాల సంగతి ఇక్కడ మొదలవుతుంది.

ఎవరికైనా మొదట గుర్తొచ్చేది క్రేను. రైల్వే దగ్గర పట్టాల మీద నడిచే 140 టన్నుల క్రేన్లున్నాయి. పట్టాలు తప్పిన ఇంజన్లను లేపడం వాటి అసలు ఉద్యోగం, వంతెనలకు డిప్యుటేషన్ మీద వస్తుంటాయి. 140 టన్నులు అని పక్కన పెద్దక్షరాల్లో రాసి ఉంటుంది. ఆ అంకెను పెళ్లిచూపుల్లో చెప్పే జీతంలా అర్థం చేసుకోవాలి. అన్నీ కలిసొచ్చినప్పుడు, అదీ క్రేను ఒంటికి దగ్గరగా ఎత్తినప్పుడు మాత్రమే అంత. నీళ్ల బిందె చంకన పెట్టుకుని వీధి చివరిదాకా నడవచ్చు. అదే బిందెను చెయ్యి చాపి పట్టుకోమంటే పది అడుగులు వెయ్యలేం. బిందె బరువు పెరగలేదు, ఒంటి నుంచి దూరం పెరిగింది. క్రేను చెయ్యి చాచేకొద్దీ మొయ్యగల బరువు అలాగే తరిగిపోతుంది. పొడవైన గర్డరును మధ్యలో పట్టి ఎత్తాలంటే అంత దూరమూ చెయ్యి చాపాల్సిందే. ఒక్కో దూరానికి ఎంత ఎత్తొచ్చో చెప్పే పట్టిక ఆపరేటరు ముందు వేలాడుతూ ఉంటుంది. క్రేను ప్రమాదాల్లో కొన్ని ఆ పట్టికను చూడనందువల్లో, చూసి కూడా "ఏం కాదులే" అనుకున్నందువల్లో జరిగేవే.

క్రేనుకు ఇంకో చిక్కుంది. అది నిలబడాలిగా! పట్టాల క్రేను పట్టాల మీదే నిలబడుతుంది, పట్టాలు పక్క ఖానా మీద ఉంటాయి, పక్క ఖానా కూడా అంతే పాతది. బలం చాలదని మార్చబోతున్న వంతెన మీదికే క్రేనును, దాని కొక్కేనికి వేలాడే గర్డరును కలిపి ఎక్కిస్తామన్నమాట. కాగితం మీద ఆ లెక్క కుదిరితేనే పని. పైన 25 వేల వోల్టుల కరెంటు తీగ కూడా ఉంటుంది. దాన్ని ఆపి, పక్కకు జరిపితే తప్ప క్రేను చెయ్యి పైకి లేవదు. అందుకే చిన్న ఖానాలకు, పక్కన నేల గట్టిగా ఉన్నచోట, రోడ్డు క్రేన్లు తెచ్చి రెండు వైపులా నిలబెట్టి ఎత్తుతారు. ఎండాకాలంలో ఇసుక తేలిన వాగులో ఇది హాయి. నిండుగా పారే కాలువలో కుదరదు.

కుదరని చోట ఏం చేస్తారో ఒకసారి డెల్టాలో ఒక కాలువ మీద రాత్రిపూట చూశాను. అక్కడ క్రేను లేదు. ఎత్తడమన్నది దాదాపు లేనే లేదు.

వారాల ముందే వంతెనకు రెండు పక్కలా కాలువలో ఇనుప తాత్కాలిక స్తంభాలు లేపారు. ఒక పక్క వాటి మీద కొత్త గర్డరు సిద్ధంగా కూర్చుని ఉంది. ఇంకో పక్కవి ఖాళీ. కొత్తది, పాతది, ఖాళీ చోటు, మూడింటినీ కలుపుతూ స్తంభాల మీద అడ్డంగా ఉక్కు దూలాలు. వీటిమీద పాతదాన్ని ఖాళీ పక్కకు జరిపితే, కొత్తది దాని చోటికి జరుగుతుంది. ఇంతకన్నా పథకం లేదు. జరగడానికి వీలుగా అడుగున ఒకప్పుడు గ్రీజు, ఉక్కు రోలర్లు పెట్టేవారు. ఇప్పుడు టెఫ్లాన్ పలకలు వేస్తున్నారు. వంటింట్లో దోసె అంటుకోని పెనానికి పూసేది ఇదే. నున్నటి స్టీలు మీద టెఫ్లాన్ జారితే రాపిడి బరువులో సుమారు ఇరవయ్యో వంతు. వంద టన్నుల గర్డరును ఐదారు టన్నుల లాగుడుతో కదిలించవచ్చు. దానికి ఒక వించి చాలు.

రైళ్లు ఆపి పనికి ఇచ్చే సమయాన్ని బ్లాక్ అంటారు. ఆ రాత్రి నాలుగు గంటల బ్లాక్. ఆఖరి రైలు దాటగానే పట్టాలు విప్పేశారు. గర్డరు నాలుగు మూలల కింద జాకీలు పెట్టి, అది స్తంభం మీద ఆనే బేరింగు నుంచి నాలుగు వేళ్ల మందం లేపి, ఆ సందులోకి జారుడు పలకలు దోపి, మళ్లీ దించారు. ఆ రాత్రికి ఎత్తడం అంతే. అందరూ కళ్లార్పకుండా చూసింది మాత్రం సుద్దముక్కతో గీసిన గీతల్ని. రెండు చివర్లా దూలాల మీద పది సెంటీమీటర్లకు ఒక గీత, పక్కన అంకె. ఇటో మనిషి, అటో మనిషి టార్చిలైటు పట్టుకుని అంకెలు అరుస్తున్నారు. "పద్నాలుగు!" "పద్నాలుగు!" ఒకసారి ఇటు పదహారు, అటు పదిహేను వినిపించింది. వించి ఆగిపోయింది. ఆ ఒక్క గీత తేడా అలాగే పెరిగితే గర్డరు వంకరగా ఇరుక్కుని ముందుకీ వెనక్కీ కదలకుండా కూర్చుంటుంది. తెల్లారాక వచ్చే మెయిలు రైలుకు ఆ సంగతి ఎవరు చెప్పాలి? అటువైపు కాస్త లాగి సరిచేశారు. మళ్లీ అంకెలు.

లాగే తాడుతో పాటు వెనక్కి పట్టే తాడు కూడా ఉంది. టెఫ్లాన్ మీద పడ్డ బరువు ఆగమంటే ఆగదు. అంతర్వేదిలో రథం లాగుతుంటే చక్రాల కింద చెక్క పెట్టడానికి మనుషులు వేరే ఉంటారు కదా, అదే లెక్క. లాగేవాళ్లకు పుణ్యం, చెక్క పెట్టేవాళ్లకు బాధ్యత.

పని బ్లాక్ దాటి పది నిమిషాలు సాగింది. దీన్ని బ్లాక్ బరస్ట్ కావడం అంటారు. గర్డరు పక్కకు జరిగినందుకు ఎవరూ ఎవరినీ అభినందించలేదు, ఆ పది నిమిషాలకు మాత్రం సంజాయిషీ రాసుకున్నారని తర్వాత తెలిసింది. మొదటి రైలు గంటకు 20 కిలోమీటర్ల వేగంతో, దాదాపు చెప్పులు విప్పి నడిచినట్టు, దాటింది.

ఇక జాకీ. దీని శక్తి నమ్మబుద్ధి కాదు. వంద టన్నులు లేపే నూనె జాకీలో పిస్టన్ వ్యాసం పదమూడు, పద్నాలుగు సెంటీమీటర్లు. జానెడు కూడా లేదు. లోపల నూనె ఒత్తిడి లారీ టైరులో గాలి ఒత్తిడికి ఎనభై రెట్లకు పైగా ఉంటుంది. చేతిపంపు ఓ యాభై అరవైసార్లు కొడితే వంద టన్నులూ ఒక సెంటీమీటరు లేస్తాయి. ఇందులో మాయ ఏమీ లేదు, బరువును దూరంతో మార్పిడి చేసుకోవడం. ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా అనే తాళాల పనివాడు 1795లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు.

చిక్కు జాకీ బలంలో లేదు, నాలుగు జాకీలు కలిసి నడవడంలో ఉంది. ఎగుడుదిగుడు నేల మీద నులకమంచం వేస్తే ఒక కాలు గాల్లో ఉంటుంది. అంటే మంచం మీది బరువంతా దాదాపు ఎదురెదురు మూలల్లోని రెండు కాళ్ల మీదే పడుతోందన్నమాట. గర్డరు నాలుగు మూలల్లో ఒకటి కాస్త వెనకబడితే ఇదే జరుగుతుంది, రెండు జాకీలు రెట్టింపు మోస్తాయి, రెండు ఊరికే నిలబడతాయి. దీనికి పాత మేస్త్రీల ఉపాయం ఒకటుంది. ఒక చివర రెండు జాకీలకూ ఒకే నూనె గొట్టం కలుపుతారు. నూనె అటూ ఇటూ పారి రెండింటి మీదా బరువు సమానం చేస్తుంది. లెక్కకు అవి రెండు కలిసి ఒకే కాలు. నాలుగు కాళ్ల మంచం కాస్తా ముక్కాలిపీట అయింది. ముక్కాలిపీట ఏ నేల మీదా ఊగదు. ఇప్పుడు ఇదంతా కంప్యూటరు చూసుకుంటుంది, మిల్లీమీటరు తేడా వస్తే ఆపేస్తుంది. కంప్యూటరు లేనిచోట ముక్కాలిపీటే.

జాకీని ఎంతవరకు నమ్మొచ్చు? వేల్స్‌లో మెనాయ్ జలసంధి మీద రాబర్ట్ స్టీఫెన్‌సన్ కట్టిన బ్రిటానియా వంతెన దగ్గర ఈ ప్రశ్నకు జవాబు దొరికింది. అది మామూలు వంతెన కాదు, లోపల రైలు నడిచే ఇనుప గొట్టం. పెద్ద ఖానా ఒక్కోటి 140 మీటర్లు, ఒక్కో గొట్టం పదిహేను వందల టన్నులకు పైమాటే. ఒడ్డున తయారుచేసి, పడవల మీద తేల్చుకొచ్చి, రాతి గోపురాల అడుగున పెట్టి, అక్కడి నుంచి నీటి ఒత్తిడితో పనిచేసే ప్రెస్సులతో వంద అడుగులు లేపాలి. ప్రెస్సు ఒక్క ఊపున ఆరడుగులు లాగగలదు. స్టీఫెన్‌సన్ మాత్రం కొంచెం కొంచెం లేపుతూ, లేచినంత మేర కింద ఖాళీని కట్టుబడితో నింపుతూ పోవాలని పట్టుబట్టాడు. పని నత్తనడక అయింది. సైటు మీద కుర్ర ఇంజనీర్లు ఏమనుకున్నారో ఊహించగలం. 1849 ఆగస్టు 17న ప్రెస్సు అడుగు పగిలి ఊడిపడింది. గొట్టం పడింది, ఎనిమిది తొమ్మిది అంగుళాలు. కింద పేర్చిన దిమ్మల మీద ఆగింది. పగిలిన ఇనుము తగిలి ఒక పనివాడు చనిపోయాడు. కింద ఏమీ పెట్టకుండా లేపి ఉంటే గొట్టం జలసంధి అడుగుకు పోయేది.

ఆ ముక్కలు పేర్చినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. ఎదురింటాయన అక్కడుంటే వాళ్ల కూలి కూడా కోసేవాడు.

కెనడాలో క్విబెక్ వంతెనకు 1916లో ఇంకో రకం దెబ్బ తగిలింది. మొదటి వంతెన 1907లో కడుతుండగానే కూలింది, అది రెండో ప్రయత్నం. అయిదు వేల టన్నుల నడిమి ఖానాను నీటి మీద తెచ్చి, రెండేసి అడుగుల చొప్పున పైకి లాగుతున్నారు. జాకీలు బాగానే ఉన్నాయి, వేలాడదీసిన ఉక్కు పట్టీలూ బాగానే ఉన్నాయి. ఒక మూల ఖానాను మోస్తున్న పోత ఉక్కు భాగం ఒకటి విరిగింది. మొత్తం నదిలో పడి 13 మంది చనిపోయారు. ఏడాది తర్వాత అదే నమూనా ఖానాను మళ్లీ చేసి, నాలుగు రోజుల్లో పైకి చేర్చారు. బరువు వెతుక్కునేది పెద్ద యంత్రాన్ని కాదు, దానికీ గర్డరుకూ మధ్య ఉన్న చిన్న సామానును.

మన దగ్గరికొస్తే, రామేశ్వరం వెళ్లొచ్చిన మనవాళ్లందరికీ తెలిసిన పాంబన్ ఉంది. 1914 నాటి పాత వంతెనకు 1964 డిసెంబరు తుపానులో గర్డర్లు వందకు పైగా కొట్టుకుపోయాయి. కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీలో చదివిన శ్రీధరన్ అప్పుడు కుర్ర ఇంజనీరు. సముద్రంలో పడ్డ గర్డర్లను వెతికి, పైకి లాగి, వాటినే మళ్లీ ఎక్కించి, 46 రోజుల్లో రైలు నడిపించాడు. సముద్రానికి మింగే బలం ఎంతుందో మనిషికి వెతికే ఓపిక అంతుందన్నమాట. ఆ పాత వంతెన మీద 2022 డిసెంబరులో రైళ్లు ఆపేశారు. మనవాళ్లు మండపం దగ్గర దిగి రోడ్డున పోయారు. పక్కనే కొత్త వంతెన లేచి 2025 ఏప్రిల్ 6న మొదలైంది. చిన్న ఖానాలు పాతదానిలో 40 అడుగులు, కొత్తదానిలో 60. అడుగులు ఇక్కడా వదల్లేదు.

పాంబన్‌లో అసలు సరుకు, ఓడలు పోయేందుకు నిలువుగా పైకి లేచే 72.5 మీటర్ల ఖానా. బరువు సుమారు 660 టన్నులు. దాన్ని సముద్రం మధ్యకు ఏ క్రేనూ మోసుకుపోలేదు. రామేశ్వరం వైపు జోడించి, కట్టిన చిన్న ఖానాల మీదుగానే అంగుళం అంగుళం నెట్టుకుపోయారు. ఆ దారి తిన్నగా లేదు, వంపు తిరిగి ఉంది. 2024 మార్చిలో బయల్దేరింది జూలై చివరికి చోటు చేరింది. అరకిలోమీటరు కూడా లేని ప్రయాణానికి నాలుగున్నర నెలలు. ముసలమ్మ కాశీయాత్ర కూడా ఇంతకన్నా త్వరగా ముగుస్తుంది. కానీ ఆ వేగమే దాని భద్రత.

ఇప్పుడది కొన్ని నిమిషాల్లో 17 మీటర్లు లేచి దిగుతోంది. మోటార్లు 660 టన్నులు మోస్తున్నాయనుకోకండి. రెండు గోపురాల్లోనూ ఎదురు బరువులు వేలాడుతున్నాయి, ఖానా లేస్తుంటే అవి దిగుతాయి. ఏతాం మీద నడిచిన తాతకు చూపిస్తే వివరించనక్కర్లేదు. మోటారు గెలవాల్సింది రాపిడిని, గాలిని, మిగిలిన కొద్దిపాటి తేడానూ.

కొత్తది పెట్టడంకన్నా పాతది తీయడం కష్టం. కొత్త గర్డరు బరువు కాటా వేసి తెలుసుకోవచ్చు. పాతదాని బరువు ఎవరికీ కచ్చితంగా తెలియదు. నూరేళ్ల రంగు పొరలు, తుప్పు, మధ్యలో ఎప్పుడో వేసిన అదనపు రేకులు అన్నీ కలిసి నక్షాలో అంకెను అబద్ధం చేసేస్తాయి. బేరింగులు తుప్పుతో స్తంభానికి అతుక్కుని ఉంటాయి, జాకీ లేపుతుంటే మొదట లేచేది గర్డరో స్తంభం పైరాయో చూసుకోవాలి. గ్యాసుతో కోస్తే ఇంకో ప్రమాదం. లోపల బిగువు పట్టి ఉన్న కడ్డీని తెంపగానే దాని భారం క్షణంలో పక్కదాని మీదికి దూకుతుంది. అందుకే కోసేముందు కింద దన్ను పెట్టాలి, మళ్లీ దిమ్మలు, మళ్లీ చెక్కలు.

1970లో కుర్రాళ్లు వెలుగు కోసం ముట్టించిన మంటతో బ్రిటానియా తగలబడింది. గొట్టాలు కాలి, చీలి, కుంగాయి. వాటిని పడిపోకుండా ఆపాలి. సైనిక ఇంజనీర్లు, విడిభాగాలు బిగించి కట్టే బెయిలీ వంతెన భాగాలను నిలువుగా పేర్చి గొట్టాల కింద దన్ను పెట్టారు. ఎక్కడ పెట్టారంటే, 1849లో గొట్టాలు పైకి లేపడానికి రాతి గోపురాల్లో వదిలిన నిలువు గాడుల్లో. పని అయిపోయాక వాటిని పూడ్చేద్దామన్న ఆలోచన నూట ఇరవై ఏళ్లలో ఎవరికీ రాకపోవడం మేలైంది. తర్వాత అడుగున ఉక్కు విల్లులు కట్టి, గొట్టాలు ముక్కలుగా తీసేసి, 1972లో మళ్లీ రైళ్లు నడిపారు.

హేవ్‌లాక్‌ను తీసే పని ఎవరూ పెట్టుకోలేదు. పక్కన రైళ్లు పోతుంటే ఖాళీగా నిలబడి ఉంది. పర్యాటకుల కోసం ముస్తాబు చేస్తామంటున్నారు.

ఎదురిల్లు రోడ్డుకంటే మూడడుగులు పైకి లేచింది. కుర్రాడు దోపిన చెక్కలు తీసేసి ఆ సందుల్లో కాంక్రీటు పోశారు, కొత్త మెట్లు కట్టుకున్నారు. మొన్న సంక్రాంతి ముందు వీధికి మళ్లీ రోడ్డు వేశారు. ఇప్పుడు రెండున్నర.